ఖాళీ కూడా సీసమే

తంబుచెట్టి వీధిలో మా అచ్చాఫీసు మెట్లెక్కి వచ్చిననాడు
మజ్జి తవిటినాయుడు గారి చేతిలో సంచీ కూడా లేదు.
రంగూన్ రేవులో మూట విప్పి
ఉంగరం తీసుకున్నారట, గడియారం తీసుకున్నారట,
పన్నెండేళ్ళ పత్రిక ఫైళ్ళు నేలమీద కుమ్మరించి
రసీదు మాత్రం రాసిచ్చారట.
"ఎంత శుభ్రంగా రాశాడో ఆ గుమాస్తా,
ఒక్క అక్షరదోషం లేదు" అనేవాడు.
ఆ బర్మా లిపి కాగితమే ఆయన బయోడేటా.

నేనప్పుడు కంపోజిటర్ని.
పద్దెనిమిదేళ్ళు. వేళ్ళకి సీసం, పళ్ళకి బీడీ.
అక్షరాన్ని తిరగేసి చదవడం వచ్చినవాణ్ణి.
తిన్నగా చదవడం ఆయన దగ్గర నేర్చుకున్నాను.

చాలాకాలం పెళ్ళి శుభలేఖలే దిద్దాడు.
ఒక మంత్రివర్గం ఏ రాత్రి కూలుతుందో
ఆ సాయంత్రమే రాసినవాడు,
"సకుటుంబ సపరివారంగా"లో
సున్నా ఎగిరిపోయిందని ఎర్రసిరా పెట్టాడు.
కోపం రాదా అంటే
"పెళ్ళికూతురి పేరు తప్పుపడితే అదీ వార్తేరా" అన్నాడు.

బీచి స్టేషన్ ఎదురుగా బర్మా బజారులో
ఆయనతో ఓడ దిగినవాళ్ళు
సెంటుసీసాలూ గొడుగులూ పరుచుకు కూర్చునేవాళ్ళు.
అథో బండి దగ్గర నిలబెట్టి
చింతపులుసు, వేయించిన ఉల్లి కలిపిన ఆ నూడుల్సు
మూడు భాషల్లో బేరమాడి నాకు తినిపించేవాడు.
ఎవరైనా బర్మీస్‌లో పలకరిస్తే
ఆయన ముఖం ప్రూఫు మీద తడిసిరాలా మెరిసేది.
మరుక్షణం ఆరిపోయేది.

అక్కడ ఏం రాశావంటే చెప్పేవాడు కాదు.
రేవు కూలీల కూలితో మొదలెట్టాడనీ,
జనరల్ గారి ఉపన్యాసంలో క్రియాపదం ఒక్కటీ లేదని రాశాడనీ,
మర్నాడు ఆ వాక్యం మీద నల్లపట్టీ వచ్చిందనీ
వ్యాసర్‌పాడిలో పక్కింటి ఎర్నమ్మ చెప్పింది.
ఎర్నమ్మకి చదువు రాదు.
పట్టీలు మాత్రం లెక్కపెట్టుకుంది. పదకొండు.

డెబ్బయ్యారు, ఫిబ్రవరి.
మా మెట్లమీద బూట్లు.
ఎవరో వాల్‌పోస్టర్ల పార్టీ అనుకున్నాం మేం.
ఆయన అప్పటికే కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.
"మడమ బరువు విను. చదివేవాళ్ళు అలా ఎక్కరు."

అప్పటికి మాకు నాలుగు పేజీల వారపత్రిక ఉండేది.
కాలవగట్టు గుడిసెలు ఎవరు కూల్చారో
మూడో పేజీలో ఆయన రాసింది
ఆఫీసరు ఎర్రపెన్సిల్‌తో అడ్డంగా కొట్టేసి
"ఇక్కడ వంట చిట్కా ఏదైనా వేసుకోండి" అని,
కాఫీ తాగి వెళ్ళాడు.

ఆ రాత్రి నా పక్కకొచ్చి
అక్షరం లేని పొట్టి సీసపు ముక్కలు,
మాటకీ మాటకీ నడుమ ఇరికించేవి,
గుప్పెళ్ళతో తెచ్చి పోశాడు.
"కట్టు. ఇరవైరెండు లైన్లు."
నవ్వొచ్చింది నాకు. ఏమీ లేనిదానికి కంపోజింగా?
"ఎత్తి చూడు."
ఎత్తాను.
రాసిన పేజీ ఎంత బరువో అంతే బరువు.

ఆ చోటు తెల్లగా అచ్చయింది.
ఒకాయన మిషను లోపమని డబ్బులు వెనక్కడిగాడు.
ఇంకొకాయన ఏమీ అడక్కుండా మూడు కాపీలు కొన్నాడు.
పదిహేను రోజులు ప్రెస్సుకి తాళం.
యజమాని నన్ను తిట్టాడు. ఆయన్ని తిట్టలేదు,
ఆ నెల జీతం ఇవ్వలేదు, అంతే.

స్టాన్లీ ఆసుపత్రిలో పోయాడు, వానాకాలంలో.
చొక్కా నాకిచ్చారు. జేబులో నాలుగు మడతల రసీదు.
అథో బండి ముసలాయన దీపం దగ్గరికి జరిగి చదివాడు:
ఉంగరం ఒకటి. గడియారం ఒకటి.
కాగితాలు, ఒక మూట, విలువ లేదు.
అని ఆగి, మళ్ళీ చూసి,
"నాయుడి పేరు తప్పు రాశాడే" అన్నాడు.

పాతికేళ్ళు దాన్ని జేబులో పెట్టుకు తిరిగాడు,
ఎర్రసిరా పెట్టకుండా.